బరువు తగ్గే ఇంజెక్షన్ల ఖర్చు తగ్గించుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి (పాలకొల్లు)

పాలకొల్లు కోడలు | ఏప్రిల్ 26, రాత్రి 9.40

అందరికీ నమస్కారం అండి. నా వయసు 46. ఆరేళ్లుగా షుగర్ ఉంది. డిసెంబరులో తూకం చూసుకుంటే 94 కిలోలు, ఎత్తేమో 5 అడుగుల 2 అంగుళాలు. మోకాళ్లు పట్టేసి, బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కాలన్నా మధ్యలో రెండుసార్లు ఆగేదాన్ని. భీమవరంలో డాక్టరు గారు మౌంజారో రాశారు. జనవరి నుంచి వారానికి ఒక సూది. మొదటి నెల 2.5 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 5. ఇప్పుడు 86 ఉన్నాను. బకెట్టు పట్టుకుని ఆగకుండా మేడెక్కుతున్నాను. ఈ మాట రాస్తుంటేనే కళ్లు చెమరుస్తున్నాయి.

కానీ ఖర్చు భరించలేకపోతున్నాను. మొదటి నెల పదమూడు వేల పైచిలుకు. తర్వాత నుంచి నెలకు పదహారు వేలు దాటుతోంది. మా వారికి కాళ్ల మండలంలో రెండు రొయ్యల చెరువులున్నాయి. నిరుడు అమెరికా వాళ్లు సుంకాలు వేసినప్పటి నుంచి రేటు కుదురుగా లేదు. పట్టుబడి డబ్బు మేత బాకీకే సరిపోతోంది. ఈ నెల మందుకి నా గాజు ఒకటి కుదువ పెట్టాను. ఆయనకింకా చెప్పలేదు.

ఒక వయల్‌ని (మందు సీసాని) రెండు వారాలకి సగం సగం వేసుకోవచ్చా? లేక ఇంతటితో ఆపేయనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కౌంటర్ వెనక | ఏప్రిల్ 26, రాత్రి 10.25

అమ్మా, నేను తణుకులో మందుల షాపు నడుపుతాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి ముందు ఒక్క మాట చెబుతాను. వయల్‌ని సగం చేయకండి. ఎందుకో డాక్టర్లెవరైనా వివరంగా చెబుతారు. రేట్ల సంగతి నేను చెబుతాను.

మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో వచ్చింది. అప్పుడు 2.5 వయల్ 3,500 రూపాయలు, 5 వయల్ 4,375. ఆ సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, దాంతో కొంచెం తగ్గింది. మీరు చెప్పిన అంకెలు ఆ తగ్గిన రేటే. దానిలో ఉండే మందు టిర్జెపటైడ్. దానికి ఇంకా పేటెంట్ ఉంది. సిప్లా వాళ్లు యుర్‌పీక్ అని అమ్మేది కూడా మౌంజారో చేసే లిల్లీ కంపెనీ మందే. కాబట్టి "చవక మౌంజారో" అంటూ ఎవరైనా తెచ్చిస్తే నమ్మకండి.

ఇక రెండోది సెమాగ్లూటైడ్. విగోవీ, ఒజెంపిక్ ఇంజెక్షన్లు, రైబెల్సస్ మాత్రలు, అన్నిట్లోనూ ఉండేది అదే మందు. విగోవీ 2025 జూన్‌లో వచ్చినప్పుడు మొదటి డోసు నెలకు 17,345. నవంబరులో ఆ కంపెనీయే దాన్ని 10,850కి తగ్గించింది. డిసెంబరులో ఒజెంపిక్ మొదటి డోసు నెలకు 8,800తో వచ్చింది. ఇంతలా ఎందుకు దిగారంటే, సెమాగ్లూటైడ్ పేటెంట్ మన దగ్గర 2026 మార్చి 20తో అయిపోతుందని వాళ్లకి తెలుసు. అయిపోయింది కూడా. ఇప్పుడు మన కంపెనీలవి వరసగా వస్తున్నాయి. కొన్ని పెన్నులు (మందు నింపే ఉంటుంది, సూది బిగించి వేసుకోవడమే), కొన్ని వయల్స్. బ్రాండు రేటులో సగం కన్నా తక్కువకి దొరికేవి చాలానే ఉన్నాయి. ఒక్కో కంపెనీది ఒక్కో రేటు, అందుకే మూడు షాపుల్లో అడగండి.

అయితే మీ చీటీలో మౌంజారో అని ఉంటే నా అంతట నేను వేరేది ఇవ్వలేను. ఇవ్వకూడదు కూడా. డాక్టరు గారు మార్చి రాయాలి. రాసేటప్పుడు కంపెనీ పేరు కాకుండా మందు పేరు, డోసు రాయమని అడగండి. అలా అడిగితే ఏ డాక్టరూ తప్పుపట్టరు.

గోదావరి గట్టు డాక్టర్ | ఏప్రిల్ 27, ఉదయం 6.15

రాజమండ్రిలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు నాది. అమ్మా, ఎనిమిది కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు. దాన్ని నిలబెట్టుకోవాలి.

సగం డోసు గురించి: మౌంజారో వయల్ ఒక్కసారి వాడి పారేయడానికి చేసింది. క్రిములు పెరగకుండా ఆపే పదార్థం అందులో ఉండదు. మూతకి ఒకసారి సూది గుచ్చాక మిగిలిన మందుని వారం రోజులు ఉంచి మళ్లీ ఒంట్లోకి ఎక్కించుకోవడం అంటే ఇన్ఫెక్షన్‌కి దారి తీసినట్టే. పెన్ను తిప్పేటప్పుడు వచ్చే క్లిక్కులు లెక్కపెట్టి తక్కువ తక్కువ వేసుకుంటూ రెండు నెలలు లాగేవాళ్లనీ చూస్తున్నాను. మౌంజారో పెన్నుని మొదటిసారి వాడాక 30 రోజులకి పారేయమని కంపెనీయే చెబుతోంది. అక్కాచెల్లెళ్లు ఒకే పెన్ను పంచుకోవడం ఇంకా ప్రమాదం. సూది మార్చినా హెపటైటిస్, హెచ్ఐవీ ముప్పు పోదు.

ఆపేయడం గురించి: ఆపితే ఆకలి తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ 2.4 డోసు మీద జరిగిన స్టెప్ 1 పరిశోధనలో 68 వారాలకి సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపిన వాళ్లని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు మళ్లీ పెరిగింది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లని మొదటి రోజే అడుగుతాను, ఏడాది పాటు కొనగలిగే మందు ఏది అని. మీ డాక్టరు గారికి మీ ఇంటి పరిస్థితి దాచకుండా చెప్పండి. గాజు సంగతి కూడా చెప్పండి. డబ్బు విషయం మాకు తెలియకపోతే మంచి మందు రాశామనుకుంటాం, మీరేమో ఇంట్లో వయల్‌ని సగం చేస్తుంటారు.

డోసు సంగతి కూడా అడగండి. ప్రతి నెలా పెంచుకుంటూ పోవాలనే నియమం లేదు. తక్కువ డోసులో బరువు దిగుతూ, షుగరు అదుపులో ఉంటే అక్కడే ఆగొచ్చు. ఈ మందుల్లో డోసు పెరిగితే రేటూ పెరుగుతుంది.

ఉండి రైతు | ఏప్రిల్ 27, ఉదయం 8.50

అక్కా, మాదీ చెరువుల బతుకే. నా భార్యకి మార్చి ఆఖరు నుంచి మన కంపెనీ సెమాగ్లూటైడ్ పెన్ను వాడుతున్నాం. మందు బాగానే పనిచేస్తోంది. మేం పోగొట్టుకున్నది వేరేగా.

ఈ నెల మొదట్లో మా ఊళ్లో రాత్రంతా కరెంటు లేదు. చెరువు దగ్గర షెడ్డులో ఏరియేటర్ల (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రాల) కోసం జనరేటరు ఉంటుంది కదా, అక్కడి చిన్న ఫ్రిజ్‌లో పెడితే భద్రమనుకున్నాను. కంగారులో లోపలికంటా తోసి, ఐస్ గడ్డకి ఆనించి పెట్టేశాను. పొద్దున్న తీసి చూస్తే పెన్ను గాజు కిటికీలో మందు గట్టిపడి తెల్లగా ఉంది. కాసేపటికి కరిగి మామూలు నీళ్లలా అయింది. వాడేద్దామని మూత తీసి కూడా, ఎందుకైనా మంచిదని షాపులో చూపించాను. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు, పారేయమన్నారు. ఒకే ఒక్క డోసు వాడిన పెన్ను. మూడు వారాల మందు చెత్తబుట్ట పాలు.

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలట. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు వైపు మధ్య అరలో స్టీలు డబ్బాలో పెడుతున్నాం. రేటు తగ్గించుకోవడం ఒక ఎత్తు, కొన్నది పాడుచేసుకోకపోవడం ఇంకో ఎత్తు.

కౌంటర్ వెనక | ఏప్రిల్ 27, ఉదయం 9.30

రైతు గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి చేర్చుతాను. వాడటం మొదలుపెట్టాక ఒజెంపిక్ పెన్ను 30 డిగ్రీల లోపు అయితే కొన్ని వారాల దాకా బయట ఉన్నా పనిచేస్తుంది. కానీ మన మే నెలలో ఏ ఇంట్లో 30 డిగ్రీలు ఉంటుందండి? అందుకే ఫ్రిజ్‌లోనే ఉంచండి. షాపు నుంచి తెచ్చేటప్పుడు కోల్డ్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి ఇమ్మని అడగండి. పెన్ను నేరుగా ఐస్‌కి తగలకూడదు. స్కూటర్ డిక్కీలో పెట్టుకుని సినిమాకి వెళ్లకండి. వేరే కంపెనీల పెన్నులకి రోజుల లెక్క వేరుగా ఉండొచ్చు, అట్టపెట్టెలో కాగితం చదవండి.

రావులపాలెం కుర్రాడు | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1.05

ఇంత తిప్పలెందుకండి? టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు ఉంది. పొడి వయల్స్ అమ్ముతున్నారు, నెలకు రెండు వేల లోపే. నీళ్లు కలుపుకుని వేసుకోవడమే. రెటాట్రూటైడ్ కూడా ఉందట, అది అన్నింటికన్నా బాగా పనిచేస్తుందంటున్నారు. మా జిమ్‌లో ఇద్దరు వాడుతున్నారు. చీటీ కూడా అక్కర్లేదు.

గోదావరి గట్టు డాక్టర్ | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2.20

తమ్ముడూ, కోపం తెచ్చుకోకుండా విను. రెటాట్రూటైడ్ ఇంకా పరిశోధనలోనే ఉంది, ఏ దేశమూ దాన్ని అమ్మకానికి అనుమతించలేదు. ఆ వయల్స్ మీద "రీసెర్చ్ కోసం మాత్రమే" అని రాసి ఉంటుంది చూడు. అందులో అసలు మందుందో లేదో, ఉంటే ఎంతుందో అమ్మేవాడికీ తెలియదు. 2024 జూన్‌లో డబ్ల్యూహెచ్ఓ నకిలీ ఒజెంపిక్ గురించి అన్ని దేశాలనీ హెచ్చరించింది. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లోనే పట్టుబడ్డాయి. అంత కట్టుదిట్టం ఉన్నచోటే దొరికాయంటే, టెలిగ్రామ్ పొట్లాల సంగతి నువ్వే ఆలోచించు.

అసలు మందుకైనా చీటీ ఊరికే పెట్టలేదు. తమకి గానీ రక్తసంబంధీకులకి గానీ మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం) ఉంటే ఈ మందులు వాడకూడదు. ఇంతకు ముందు పాంక్రియాస్ (క్లోమం) వాచి ఉంటే చాలా ఆలోచించాలి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందే ఆపాలి, సెమాగ్లూటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందు. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ దీన్ని మొదలుపెడితే షుగరు పడిపోవచ్చు. జిమ్‌లో ఆ ఇద్దరికీ ఇవి ఎవరైనా అడిగారా? కడుపులో విపరీతమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లమని మాత్రం వాళ్లకి చెప్పు.

రావులపాలెం కుర్రాడు | ఏప్రిల్ 27, సాయంత్రం 6.40

చెబుతాను సార్. ఆ గ్రూపు పేరు ఇక్కడ పెట్టను.

అమలాపురం మాస్టారు | ఏప్రిల్ 27, రాత్రి 8.15

రిటైరయిన తర్వాత మా అన్నదమ్ముల కుటుంబాలందరి మందుల లెక్కలూ నేనే చూస్తున్నాను. నాకు తెలిసిన నాలుగు మాటలు.

బీమా: మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది. వారం వారం ఇంట్లో వేసుకునే సూదికి ఇవ్వదు. కొన్ని కంపెనీల ఉద్యోగుల పాలసీల్లో ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) ఖర్చు ఉంటుంది. పిల్లలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మిమ్మల్ని పాలసీలో చేర్చి ఉంటే హెచ్‌ఆర్‌ని అడగమనండి. బరువు తగ్గించే ఆపరేషన్ సంగతి వేరు. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40కి చేరినా, లేక 35కి చేరి మందులకి లొంగని షుగర్ లాంటి తీవ్ర జబ్బు ఉన్నా, డాక్టరు సలహా మీద చేయించుకుంటే పాలసీలు దాన్ని తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. వెయిటింగ్ పీరియడ్ మాత్రం చూసుకోవాలి.

పన్ను: ఇంట్లో 60 దాటిన పెద్దవాళ్లకి ఆరోగ్య బీమా లేకపోతే, వాళ్ల మందుల ఖర్చు ఏడాదికి 50,000 దాకా పాత పన్ను విధానంలో మినహాయించుకోవచ్చు. డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పే, కార్డు, చెక్కు ద్వారా కట్టి ఉండాలి. కొత్త విధానంలో ఈ వెసులుబాటు లేదు.

అన్నిటికన్నా నాకు కలిసొచ్చింది జన ఔషధి. మా ఆవిడకి సూది మందు బయట కొంటాం. కానీ షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటార్వాస్టాటిన్ ఈ మూడూ అక్కడే. బ్రాండు రేటుతో పోలిస్తే 50 నుంచి 80 శాతం తక్కువ. ఇదివరకు ఆ మాత్రలకే నెలకు పద్దెనిమిది వందలయ్యేది, ఇప్పుడు ఆరు వందల లోపే. మిగిలిన పన్నెండు వందలు సూదికి జమ. ఖరీదైన మందొక్కటే చూస్తూ కూర్చుంటాం గానీ, పక్కనున్న చిన్న మాత్రల బిల్లు ఎవరూ చూడరు.

నర్సాపురం అక్క | ఏప్రిల్ 28, ఉదయం 11.00

సెమాగ్లూటైడ్‌లో వయల్ చవకని మా చెల్లెలు అదే కొనుక్కుంది. ఒక వయల్‌లో నాలుగు డోసులు, ఇన్సులిన్ సిరంజితో తీసుకోవాలి. డాక్టరు గారు ఇన్ని యూనిట్లు అని రాశారు. ఇంట్లో మా నాన్నగారి ఇన్సులిన్‌కి తెచ్చిన సిరంజిలుంటే దాంతోనే తీసి వేసుకుంది. రెండు రోజులు ఆగని వాంతులు. మంచినీళ్లు కూడా నిలవలేదు. సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో నర్సు అమ్మాయి రెండు సిరంజిలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఎర్ర మూతది 40 యూనిట్ల సిరంజి, నారింజ మూతది 100 యూనిట్ల సిరంజి. ఎర్రదాంట్లో 10 గీత దగ్గరకి లాగితే 0.25 మిల్లీలీటరు వస్తుంది. నారింజదాంట్లో అదే 10 గీతకి 0.1 మిల్లీలీటరే. చీటీ రాసింది నారింజ మూత లెక్కన. మా చెల్లి ఎర్రదాంతో తీసింది. అంటే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి వెళ్లింది.

వయల్ వద్దని చెప్పను, లేనివాళ్లకి అది పెద్ద ఆదరువు. కానీ సిరంజి కూడా అదే షాపులో, చీటీ చూపించి తీసుకోండి. మొదటి డోసు నర్సు చేత వేయించుకుని గీత ఎక్కడిదాకా లాగాలో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

కౌంటర్ వెనక | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12.10

నర్సాపురం అక్కగారూ, ఈ మాట రాసి ఎందరికో మేలు చేశారు. ఇవాళే మా కుర్రాళ్లిద్దరికీ చెప్పాను, వయల్ అమ్మితే నారింజ మూత సిరంజి చూపించి, గీత పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వాలని.

బేరం సంగతి కూడా చెబుతాను. అట్ట మీద ఉండేది గరిష్ఠ ధర. అంతకే అమ్మాలని ఎక్కడా లేదు. ఇలాంటి మందుల మీద షాపుకి సాధారణంగా 20 శాతం దాకా మిగులుతుంది. ఫ్రిజ్ ఖర్చు, కరెంటు పోతే నష్టం మావే, అయినా నెల నెలా వచ్చే మనిషికి పది శాతం తగ్గించగలం. నోరు తెరిచి అడగండి. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తామంటే మాత్రం వద్దు. బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ఫార్మా సహీ దామ్ అని ప్రభుత్వ యాప్ ఉంది, అందులో మందు పేరు కొడితే ధరలు తెలుస్తాయి.

డాలస్ తమ్ముడు | ఏప్రిల్ 28, రాత్రి 10.50

మాది ద్రాక్షారామం దగ్గర. అమ్మకి ఇక్కడి నుంచి పంపుదామని మొదట్లో అనుకున్నాను. ఇక్కడ విగోవీ అసలు రేటు నెలకు 1,349 డాలర్లు ఉండేది. సొంత డబ్బుతో కొనేవాళ్లకి 2025 మార్చిలో 499, నవంబరులో 349 చేశారు. అదే దాదాపు ముప్పై వేల రూపాయలు. మన దగ్గర అంతకన్నా ఎంతో తక్కువ. ఇక్కణ్ణుంచి ఎవరూ తెప్పించుకోకండి. దారిలో చల్లదనం పోతే మందూ పోతుంది, డబ్బూ పోతుంది. నెలకు ఇంత అని పంపి, అక్కడే కొనిపిస్తున్నాను.

పాలకొల్లు కోడలు | ఏప్రిల్ 29, ఉదయం 7.20

అందరివీ రెండేసిసార్లు చదివాను. శుక్రవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. ఒక కాగితం మీద రాసుకున్నాను: నెలకు అయిదు వేలకి మించి పెట్టలేను, ఏడాది వాడగలిగే మందు కావాలి, మందు పేరుతో చీటీ రాయండి, నేను వేసుకునే గ్లిమిపిరైడ్ ఏం చేయాలి. ఇంకేమైనా అడగాలా?

గోదావరి గట్టు డాక్టర్ | ఏప్రిల్ 29, ఉదయం 7.45

బాగా రాసుకున్నారు. ఇంకొక్కటి చేర్చండి. ఒక మందు నుంచి ఇంకో మందుకి మారితే డోసులు అంకెకి అంకె సరిపోవు. టిర్జెపటైడ్ 5 వాడుతున్నాను కాబట్టి సెమాగ్లూటైడ్ కూడా ఇంతే అని మీరు లెక్క వేసుకోవద్దు. ఎంతతో మొదలుపెట్టాలో వారినే అడగండి. టిర్జెపటైడ్‌తో సగటున కాస్త ఎక్కువ బరువు తగ్గుతుందన్నది నిజమే. కానీ మూడు నెలలు వేసుకుని ఆపేసే మందు కన్నా మీరు ఏడాదంతా కొనగలిగే మందే మీకు మంచిది. సెమాగ్లూటైడ్ పడకపోతే లిరాగ్లూటైడ్ అని రోజూ వేసుకునేది ఉంది, అది కూడా మన కంపెనీలది 2024 నుంచే దొరుకుతోంది.

తిండి విషయం: ఆకలి తగ్గిందని రెండు ముద్దల చారన్నంతో సరిపెట్టకండి. కండ కరిగిపోతుంది. ముందు గుడ్డో చేపముక్కో పప్పో తినండి, అన్నం తర్వాత.

పాలకొల్లు కోడలు | జూన్ 7, రాత్రి 9.10

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. చెరువు పట్టుబడి పనుల్లో కుదరలేదు.

డాక్టరు గారు నా కాగితం చివరిదాకా చదివి, "ఈ మాట జనవరిలోనే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. సెమాగ్లూటైడ్‌కి మార్చారు. మందు పేరుతోనే రాశారు. గ్లిమిపిరైడ్ సగం చేశారు. డోసు ఎంతో ఇక్కడ రాయను, ఎవరికి వాళ్లకి వేరని చెప్పారు కదా. పాలకొల్లులో రెండు షాపులు, భీమవరంలో ఒకటి అడిగాను. మూడు చోట్లా మూడు రేట్లు. వయల్ ఇంకా చవకే గానీ, నర్సాపురం అక్కగారు రాసింది చదివాక భయమేసి పెన్నే తీసుకున్నాను. నెలకు అవుతున్నది ఆ పదహారు వేలలో మూడో వంతు కూడా లేదు. మాత్రలు జన ఔషధిలో తెచ్చుకుంటున్నాను.

మొదటి రెండు వారాలు ఆకలి కాస్త తిరిగొచ్చింది, అరకిలో పెరిగాను కూడా. చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత సర్దుకుంది. మొన్న మంగళవారం 84 కిలోల 600.

గాజు సంగతి మా వారికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి, ఫ్రిజ్‌లో పెన్ను పెట్టే డబ్బా తీసి చూసి, "దీని తేదీ నేను కేలండర్‌లో రాస్తాను, నువ్వు మర్చిపోతావు" అన్నారు. ప్రతి మంగళవారం గడిలో ఆయన చేతిరాత ఉంది ఇప్పుడు.

ఉండి రైతు | జూన్ 7, రాత్రి 9.35

చాలా సంతోషం అక్కా. డబ్బా ఐస్ పక్కన పెట్టలేదు కదా?

పాలకొల్లు కోడలు | జూన్ 7, రాత్రి 9.38

లేదు తమ్ముడూ. తలుపు వైపు మధ్య అరలో, మీరు చెప్పినట్టే.